ఆటస్థలం ప్రశ్నలు: క్వాలిఫయర్లు, కాగితాలు, డిసెంబరు పిల్లలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా 2025 నవంబరు 30 నాటి ఫుట్‌బాల్ మ్యాచ్ గురించే. అహ్మదాబాద్‌లోని ఏకా అరేనాలో మన అండర్-17 అబ్బాయిలు ఇరాన్‌ను 2-1తో ఓడించి, 2026లో సౌదీ అరేబియాలో జరిగే ఆసియా కప్‌కు అర్హత సాధించారు. ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ బడుల్లో మెడలో విజిల్ వేసుకుని తిరిగినదాన్ని నేను. ఫుట్‌బాల్ మీద ఇన్ని ఉత్తరాలు ఒక్కసారిగా రావడం ఈ శీర్షిక మొదలుపెట్టాక ఇదే మొదటిసారి. వాలీబాల్, కబడ్డీ వాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి. మీ ఉత్తరాలు నా దగ్గరే భద్రంగా ఉన్నాయి.

మేడమ్, మన జట్టుకూ ఇరాన్‌కూ ఏడేసి పాయింట్లే కదా. గోల్స్ తేడా చూడకుండా మనల్నే ఎలా పంపారు? రెండో స్థానం వాళ్లకు అవకాశమే లేదా?
*డిగ్రీ విద్యార్థి, ఒంగోలు*

మన ఊళ్ల టోర్నమెంట్లలో పాయింట్లు సమానమైతే అందరం ముందు గోల్ యావరేజ్ చూస్తాం. నీకు ఆ అనుమానం అందుకే వచ్చింది. ఆసియా సమాఖ్య పోటీల్లో అలా కాదు. పాయింట్లు సమానమైన జట్లు తమలో తాము ఆడుకున్నప్పుడు ఎవరు గెలిచారన్నది ముందు చూస్తారు. గోల్స్ లెక్క ఆ తర్వాతే. ఇరాన్‌పై గెలిచింది మనం కాబట్టి మనం పైన.

మొత్తం గోల్స్ చూస్తే మనవి అంత గొప్పగా ఏమీ లేవు. పాలస్తీనాతో 1-1, చైనీస్ తైపీపై 3-1, లెబనాన్ చేతిలో 0-2, ఇరాన్‌పై 2-1. కొట్టినవి ఆరు, తిన్నవి ఐదు. ఇక రెండో స్థానం సంగతి. ఈసారి ఏడు గ్రూపులు, ఏడే చోట్లు. తొమ్మిది జట్లు అంతకుముందు ప్రపంచకప్‌కు వెళ్లినందుకు నేరుగా వచ్చేశాయి. పదహారులో మిగిలినవి ఏడు. రెండో స్థానానికి ఏమీ లేదు. 2022లో దమ్మామ్‌లో సౌదీ చేతిలో 1-2తో ఓడినా మనం రెండో స్థానంతోనే ముందుకెళ్లాం, అప్పటి నిబంధన వేరు. 2024లో థాయ్‌లాండ్‌లో బ్రూనైపై ఏకంగా 13-0తో గెలిచి, తుర్క్‌మెనిస్తాన్‌పై 1-0తో గెలిచి, ఆఖరి మ్యాచ్ థాయ్‌లాండ్ చేతిలో 2-3తో పోగొట్టుకుని ఇంటికొచ్చారు. పదమూడు గోల్స్ ఉండి కూడా ఆ ఒక్క గోల్ చాలలేదు.

నువ్వు అడగకపోయినా ఒకటి చెబుతాను. మన పిల్లలు ఆడిన తేదీలు చూడు. 22న ఒకటి, తర్వాత 26, 28, 30. ఐదు రోజుల్లో మూడు తొంభై నిమిషాల మ్యాచ్‌లు. లెబనాన్ చేతిలో ఓడిన రాత్రికీ ఇరాన్ మ్యాచ్‌కూ మధ్య ఉన్నది ఒకే ఒక్క రోజు. పదహారేళ్ల కాళ్లు అవి. ఆ ఒక్క రోజులో ఏం తిన్నారు, ఎంతసేపు పడుకున్నారు, బెంచి మీది పిల్లల్లో ఎవరిని ఎప్పుడు దించాలి అన్న చోటే క్వాలిఫయర్ (అర్హత పోటీ) గెలవడం ఓడడం ఉంటుంది. కోచ్ బిబియానో ఫెర్నాండెజ్ ఈ వయసు పిల్లలతో ఏళ్ల తరబడి పనిచేస్తున్నాడు. ఆ అనుభవానికి విలువ కట్టలేం.

ఆ సాయంత్రం మా వసారాలో ఫోను స్టీలు చెంబుకు ఆనించి చూశాం. వీధిలో నా దగ్గర ఆడుకునే అమ్మాయిలు ఐదుగురు, మధ్యలో బొరుగుల పళ్లెం. ఇరాన్ ముందు గోల్ కొట్టింది. సగం ఆట ముగిసే ముందు దల్లాల్మువాన్ గాంగ్టే పెనాల్టీతో సమం చేశాడు. రెండో సగం మొదలైన కాసేపటికి 52వ నిమిషంలో గున్లైబా వాంఖైరాక్పమ్ రెండోది కొట్టాడు. అప్పటి నుంచి మిగిలిన నలభై నిమిషాలూ పళ్లెంలో చెయ్యి పెట్టినవాళ్లు లేరు. ఆట అయ్యేసరికి బొరుగులు మెత్తబడి ఉన్నాయి.

మా అబ్బాయి 2010 డిసెంబరు 20న పుట్టాడు. ఆట బాగుంటుందని అందరూ అంటారు, కానీ సెలక్షన్స్‌కు వెళ్లిన ప్రతిసారీ ‘బక్కగా ఉన్నాడు, వచ్చే ఏడు చూద్దాం’ అని పంపేస్తున్నారు. ఆశ వదిలేసుకోమంటారా?
*ఒక తండ్రి, నంద్యాల*

వదలొద్దు నాయనా. ముందు లెక్క అర్థం చేసుకోండి. అండర్-17 అంటే పదిహేడు నిండనివాళ్లని చాలామంది అనుకుంటారు. అలా కాదు, సంవత్సరం లెక్క. 2026 పోటీలకు 2009 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. 2027కు 2010 జనవరి 1. మీవాడు 2027 లెక్కలోకి వస్తాడు. కానీ ఆ లెక్కలో 2010 జనవరిలో పుట్టిన పిల్లవాడు మీవాడి కంటే దాదాపు ఏడాది పెద్ద. ఆ వయసులో ఏడాది అంటే ఎంతో మీకు తెలుసు. మీసం మొలిచినవాడూ గొంతు మారనివాడూ ఒకే వరుసలో నిలబడతారు. సెలెక్టరు కంటికి మొదట పొడుగు, బలం కనిపిస్తాయి. అందుకే చాలా దేశాల కుర్రాళ్ల జట్లలో జనవరి, ఫిబ్రవరి, మార్చిలో పుట్టినవాళ్లు ఎక్కువగా, డిసెంబరు పిల్లలు తక్కువగా కనిపిస్తారు. డిసెంబరులో పుట్టినవాళ్లకు ఆట రాక కాదు.

నేనూ ఈ తప్పు చేశాను. జిల్లా జట్టుకు పిల్లలను ఎంచేటప్పుడు మొదటి పదేళ్లు ఎత్తును చూసి మోసపోయాను. తర్వాత నాకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. పేర్ల పక్కన పుట్టిన నెల రాసుకుని, అక్టోబరు, నవంబరు, డిసెంబరు పిల్లలను విడిగా ఒక పావుగంట వాళ్లలో వాళ్లను ఆడించి చూసేదాన్ని. బంతి రాకముందే తల తిప్పి అటూ ఇటూ చూసుకునే పిల్ల అప్పుడు బయటపడుతుంది. పొడుగువాళ్ల మధ్య ఆ పిల్ల కనిపించదు.

మీరు చేయాల్సింది, వాడి తిండీ నిద్రా చూడండి, బరువులు ఎత్తించకండి, ఎడమకాలు అలవాటు చేయించండి. సెలక్షన్స్‌కు తీసుకెళ్తూనే ఉండండి. పేరు పిలవలేదని దారిలో తిట్టకండి. అది మాత్రం చేయకండి, దయచేసి.

మణికట్టుకు స్కానింగ్ తీసి వయసు తేలుస్తారట, నిజమేనా? దానివల్ల పిల్లలకు హాని ఉంటుందా?
*ఒక తల్లి, ఖమ్మం*

నిజమే. ముంజేతి ఎముక మణికట్టును కలిసే చోట, పెరిగే వయసులో ఒక మెత్తటి పొర ఉంటుంది. ఎదుగుదల పూర్తయ్యేకొద్దీ అది ఎముకలో కలిసిపోతుంది. అబ్బాయిల అండర్-17 పోటీల్లో ఎంఆర్ఐ తీసి ఆ కలయికను ఆరు మెట్లుగా చూస్తారు. ఆరో మెట్టు, అంటే పూర్తిగా కలిసిపోయి ఉంటే, ఆ కుర్రాడు పదిహేడు దాటినవాడేనని తీసుకుని పక్కన పెడతారు. 2009లో నైజీరియాలో జరిగిన అండర్-17 ప్రపంచకప్ నుంచి ఫిఫా దీన్ని వాడుతోంది. ఎంఆర్ఐలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు, నొప్పి ఉండదు. చెయ్యి కదపకుండా కాసేపు పడుకోవాలి, అంతే. మన దేశంలోని చిన్న వయసు లీగుల్లో చేతి ఎక్స్‌రేతో చూసే పద్ధతి కూడా ఉంది.

భయపడాల్సింది స్కానింగ్‌కు కాదమ్మా. వయసు తగ్గించి ఆడించే కోచ్‌లు మన చుట్టూ ఉన్నారు, తల్లిదండ్రులూ ఉన్నారు. పంతొమ్మిదేళ్లవాడిని అండర్-17లో దించిన ప్రతిసారీ నిజంగా పదహారేళ్లున్న ఒక పిల్లవాడు బస్సెక్కి ఇంటికి వెళ్లిపోతాడు. వాడి పేరు కూడా ఎవరికీ తెలియదు. మీ పిల్లవాడికి ఎవరైనా కొత్త సర్టిఫికెట్ చేయిద్దామంటే వినకుండా వచ్చేయండి.

ఈ ఏడాదే పీఈటీగా చేరాను మేడమ్. సుబ్రతో కప్ అంతర్జాతీయ టోర్నమెంటు అని విన్నాను. మారుమూల బడి నుంచి అందులోకి వెళ్లే దారి ఏమిటి? ఎస్‌జీఎఫ్ ఆటలకూ దీనికీ తేడా ఏమిటి?
*ఒక పీఈటీ, పార్వతీపురం*

మంచి ప్రశ్న. మన ఎయిర్‌ఫోర్స్ తొలి భారతీయ అధిపతి ఎయిర్ మార్షల్ సుబ్రతో ముఖర్జీ పేరు మీద 1960 నుంచి జరుగుతున్న బడుల టోర్నమెంటు ఇది. ఢిల్లీ అంబేద్కర్ స్టేడియం పేరు చెప్పగానే పాత ఆటగాళ్లకు గుర్తొచ్చేది ఇదే. నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక లాంటి చోట్ల నుంచి కూడా బడుల జట్లు వచ్చి ఆడాయి. కాబట్టి పార్వతీపురం పిల్లవాడు ఢాకా పిల్లవాడిని ఎదుర్కొనే వీలు ఇక్కడుంది. చిన్నబ్బాయిలకు, అండర్-17 అబ్బాయిలకు, అండర్-17 అమ్మాయిలకు వేర్వేరు విభాగాలు.

ఎస్‌జీఎఫ్‌లో, అంటే స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆటల్లో, మండలం నుంచి, జిల్లా నుంచి బాగా ఆడేవాళ్లను ఏరి ఒక జట్టు కడతారు. మీ బడి నుంచి ఒక్కడే పోవచ్చు. సుబ్రతోలో బడికి బడే పోతుంది. జట్టంతా ఒకే బడి పిల్లలై ఉండాలి. జిల్లా గెలిచిన బడి రాష్ట్రానికి, రాష్ట్రం గెలిచిన బడి ఫైనల్ పోటీలకు. నాకు ఇదే ఇష్టం. పక్కపక్కన బెంచీల్లో కూర్చునే పిల్లలు కలిసి ఆడతారు. అన్నం దగ్గర కూడా ఎవడు ఎటు పరుగెత్తుతాడో చెప్పగలుగుతారు. మంచి మైదానం లేని బడి కూడా ఈ కలివిడితో పెద్ద బడిని ఓడించడం నేను కళ్లారా చూశాను.

ఇప్పుడు అసలు సంగతి. పీఈటీగా నువ్వు మొదట చూసుకోవాల్సింది కాగితాలు. దీనికో కథ చెప్పాలి, చెప్పడం నాకు కష్టంగానే ఉంటుంది.

2015లో మా బడి అమ్మాయిలు జిల్లా గెలిచి రాష్ట్ర స్థాయికి వెళ్లారు. ఎనిమిది గంటలకు మొదటి మ్యాచ్. ఆరున్నరకు పేర్లు సరిచూసే బల్ల దగ్గర నిలబడ్డాం. వేప చెట్టు కింద బల్ల, దాని మీద కాగితాలు ఎగరకుండా నీళ్ల సీసా. మా సెంటర్ బ్యాక్, అంటే గోల్ ముందు కాపు కాసే పిల్ల, వంతు వచ్చింది. బల్ల దగ్గరి అధికారిణి ఒక వేలు ఆధార్ కార్డు మీద పెట్టారు. జనవరి 1. రెండో చేతి వేలు మా బడి ఇచ్చిన పత్రం మీద పెట్టారు. జూన్ 12. రెండు వేళ్లూ అలాగే ఉంచి నా మొహంలోకి చూశారు. ఏ తేదీ తీసుకున్నా పాప వయసు పరిమితిలోనే ఉంది. అయినా రెండూ కలవలేదు కాబట్టి ఆడనివ్వరు. ఆవిడ తప్పు కాదు, నిబంధన అది.

ఊళ్లో ఆధార్ క్యాంపు పెట్టినప్పుడు తండ్రికి తేదీ గుర్తు లేక ‘సంక్రాంతి దగ్గర’ అన్నాడట, రాసుకునేవాళ్లు జనవరి 1 వేసేశారు. మన పల్లెల్లో జనవరి 1న పుట్టిన పిల్లలు ఎంతమంది ఉన్నారో ఏ హాజరు పట్టీ తిరగేసినా తెలుస్తుంది. బడిలో చేర్చినప్పుడు వేసిన జూన్ తేదీ కూడా అలాంటిదే, బడి తెరిచే నెల.

పాప అప్పటికే షిన్ గార్డులు కట్టుకుని, మేజోళ్లు మోకాళ్ల దాకా లాగి ఉంది. కిట్ బ్యాగు మీద కూర్చుని ఒక్కో మేజోడూ కిందికి చుట్టి, షిన్ గార్డులు తీసి, లోపలి చెమట జెర్సీ అంచుతో తుడిచి, తన బదులు ఆడే పిల్లకు ఇచ్చింది. ఆ పిల్లకు సొంతవి లేవు. నాతో ఒక్క మాట అనలేదు. ఆ మ్యాచ్‌లో ఒక కార్నర్ నుంచి వచ్చిన బంతికి అడ్డుపడేవాళ్లు లేక 0-1తో ఓడిపోయాం. ఆ చోట నిలబడేది ఆ పాపే.

రెండు కాగితాలూ నా బీరువాలోనే మూడు నెలలు ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూసింది లేదు. అది నా పని, నేను చేయలేదు.

కాబట్టి అబ్బీ, జూన్‌లో బడి తెరిచిన వారంలోనే ఆడే పిల్లలందరివీ జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్, బడి రిజిస్టరు ముందేసుకుని కూర్చో. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా, తండ్రి ఇంటిపేరు ఒకచోట ఉండి ఒకచోట లేకపోయినా రాసుకో. సరిచేయించడానికి నెలలు పడుతుంది. ఆటకు ముందు వారంలో ఏదీ జరగదు. ఊళ్లో కొత్తగా బిడ్డ పుట్టిన ఇంటికి వెళ్తే 21 రోజుల్లోపు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదు చేయించమని చెప్పు. ఏడాది దాటితే అధికారి ఉత్తర్వు కావాలి, తిరగలేక చస్తారు. 2023 అక్టోబరు నుంచి వచ్చిన సవరణ తర్వాత పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీకి ఆ పత్రమే ఆధారం.

నీ దగ్గర బంతులు ఎన్ని ఉన్నాయో రాయలేదు. ఆరు లేకపోతే నాకు మళ్లీ రాయి.

మా బాబు ఇక్కడే పుట్టాడు, అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు ఉంది. అండర్-17 క్వాలిఫయర్లలో భారత్ తరఫున ఆడొచ్చా?
*ఒక తల్లి, న్యూజెర్సీ*

ఆడలేడమ్మా. భారత్‌కు ఆడాలంటే భారత పాస్‌పోర్టే ఉండాలి, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు సరిపోదు. రెండు పౌరసత్వాలు మన చట్టం ఒప్పుకోదు. జపాన్‌లో పుట్టిన ఇజుమి అరాటా, 2025 నవంబరులో ఆస్ట్రేలియా ఆటగాడు రయాన్ విలియమ్స్ తమ పాస్‌పోర్టులు వదులుకుని భారత పౌరులయ్యారు. ఇద్దరూ పెద్దయ్యాక, ఆటే బతుకుగా ఉన్నవాళ్లు తీసుకున్న నిర్ణయం అది. పదిహేనేళ్ల బాబు తరఫున మీరు తీసుకునేది కాదు. అక్కడి స్కూలు జట్టులో బాగా ఆడనివ్వండి. సెలవుల్లో ఇక్కడికి వస్తే మా పిల్లలతో ఒక పూట ఆడించండి, సంతోషిస్తాను.

క్వాలిఫయర్ గెలిస్తేనే ఇంత సంబరమా? ఇది ఇంకా ప్రపంచకప్ కూడా కాదు. అరవై ఏళ్ల కిందటి రహీం సాబ్ రోజులతో పోలిస్తే ఇది ఏపాటి?
*విశ్రాంత ఉద్యోగి, విజయవాడ*

రహీం సాబ్ పేరు ఎత్తారు కాబట్టి మీకు నమస్కారం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం, రెండూ హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం చేతి మీదుగా వచ్చినవి. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఉన్నాడు. మీ బాధ నాకు తెలుసు.

కానీ కుర్రాళ్ల ఆట సంగతి వేరుగా చూడండి. మన దేశం 2025 దాకా వయసు విభాగాల ఫిఫా ప్రపంచకప్ ఆడింది ఆతిథ్యం ఇచ్చినప్పుడే. 2017లో అబ్బాయిలు, 2022లో అమ్మాయిలు. ఢిల్లీలో కొలంబియాపై జీక్సన్ సింగ్ తలతో కొట్టిన గోల్ మనసులో మెదులుతూనే ఉంటుంది, అయినా అక్కడికి మనం క్వాలిఫయర్ గెలిచి పోలేదు. గెలిచి పోయే దగ్గరకు వచ్చింది 2018లో. మలేసియాలో అండర్-16 ఆసియా క్వార్టర్ ఫైనల్, ఎదురుగా దక్షిణ కొరియా. గెలిస్తే ప్రపంచకప్. 0-1తో పోయింది. గోల్‌కీపర్ నీరజ్ కుమార్ ఆ రోజు ఆపినవి గుర్తొస్తే ఇప్పటికీ గుండె పట్టేస్తుంది. ఆ క్వార్టర్ ఫైనల్ దాకా రావడానికి అంతకు ముందు ఏడాది కాఠ్మాండులో పాలస్తీనాను, నేపాల్‌ను ఓడించి, ఇరాక్‌తో 0-0గా నిలిచారు. ఆ కాఠ్మాండు మ్యాచ్‌లు ఎందరు చూశారు? ఇప్పుడు ప్రపంచకప్‌లో 48 జట్లు. సౌదీలో క్వార్టర్ ఫైనల్ చేరితే చాలు, దారి తెరుచుకుంటుంది. ఆ దారికి గేటు అహ్మదాబాద్‌లో ఉంది. అందుకే సంబరం.

ఇరాన్ అనగానే నాకు ఇంకొకటి తట్టింది. 1974లో బ్యాంకాక్‌లో ఆసియా యూత్ ఫైనల్ 2-2తో ముగిసి భారత్, ఇరాన్ కలిసి విజేతలయ్యాయి. మన కెప్టెన్ హైదరాబాదీ షబ్బీర్ అలీ. యాభై ఏళ్లు దాటింది. ఆ కప్పు మళ్లీ మనకు దొరకలేదు.

నేను ఫార్వర్డ్ ఆడతాను మేడమ్. వచ్చే నెల జిల్లా సెలక్షన్స్. అబ్బాయిల మ్యాచ్ గురించే అందరూ మాట్లాడుతున్నారు, అమ్మాయిలకు ఇలాంటి క్వాలిఫయర్లు లేవా? టెన్త్ వస్తోంది, ఆపేయమని మామయ్య అంటున్నాడు.
*తొమ్మిదో తరగతి అమ్మాయి, బోధన్*

ఉన్నాయి తల్లీ, ఈ 2025 అమ్మాయిలదే. ఆగస్టులో యాంగాన్‌లో అండర్-20 అమ్మాయిలు ఇండోనేసియాతో 0-0, తుర్క్‌మెనిస్తాన్‌పై 7-0, ఆఖరున మయన్మార్‌ను వాళ్ల సొంతగడ్డ మీదే 1-0తో ఓడించి ఆసియా కప్‌కు వెళ్లారు. ఇరవై ఏళ్ల తర్వాత. అక్టోబరులో బిష్‌కెక్‌లో నీకంటే ఒకటి రెండేళ్లు పెద్ద పిల్లలు, అండర్-17 వాళ్లు, కిర్గిజ్ జట్టును 2-1తో, ఉజ్బెకిస్తాన్‌ను 2-1తో గెలిచారు. ఉజ్బెక్ మ్యాచ్‌లో ముందు గోల్ తిన్నది మనమే. రెండో సగంలో తండామోని బాస్కే ఒకటి, అనుష్క కుమారి ఒకటి. క్వాలిఫయర్ గెలిచి అండర్-17 అమ్మాయిలు ఆసియా కప్‌కు పోవడం మన దేశానికి ఇదే మొదటిసారి.

ఇక మీ జిల్లా సంగతి నేను చెప్పాలా? గుగులోత్ సౌమ్య మీ నిజామాబాద్ జిల్లా తండా పిల్లే కదా. జూన్‌లో థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో మన పెద్ద మహిళల జట్టు మంగోలియాపై 13-0తో గెలిచినప్పుడు గోల్స్ కొట్టినవాళ్లలో సౌమ్య ఉంది. ఆ జట్టు 2026 ఆస్ట్రేలియా ఆసియా కప్‌కు అర్హత తెచ్చుకుంది. మామయ్యకు ఈ పేజీ చదివి వినిపించు. ఆయన చెప్పేది నీ మంచికే, కానీ పొద్దున గంటన్నర ఆడిన పిల్ల రాత్రి రెండు గంటలు చదవగలదు. నా దగ్గర ఆడినవాళ్లలో నర్సులున్నారు, టీచర్లున్నారు, పోలీసు ఉద్యోగాల్లో ఉన్నారు. తేదీలు ఒక పట్టీ మీద రాసి ఆయనకు చూపించు, ఏ రోజు ఆట, ఏ రోజు పరీక్ష. పెద్దవాళ్లకు కాగితం చూపిస్తే మాట మెత్తబడుతుంది.

సెలక్షన్స్‌కు ముందు రోజు కొత్త బూట్లు వేసుకోకు, పాతవే మంచివి. పొద్దున ఇడ్లీయో అరటిపండో తిను, ఖాళీ కడుపుతో పోకు. బంతి పోగొట్టుకున్న ప్రతిసారీ వెనక్కి పరుగెత్తు, సెలెక్టరు చూసేది దాన్నే. జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్, బోనఫైడ్ మూడూ ఈ రాత్రే తీసి పక్కపక్కన పెట్టి తేదీ సరిచూడు. కలవకపోతే రేపే మీ పీఈటీ సారుకు చెప్పు.